జిగ్ దిగే దారి

బాస్ అనే మంచినీటి వేటచేపల కోసం జిగ్ అనే బరువైన కృత్రిమ ఎరను వేసేవారు ఇద్దరు ఒకచోట చేరితే రెండు ప్రశ్నలు తప్పవు. ఏ రంగు వేశారు? ఎలా లాగారు? మొదటిదాని గురించి నేను ఎక్కువ చెప్పను. నీరు తేటగా ఉంటే గోధుమ రంగు, ముదురాకుపచ్చ. మురికిగా ఉంటే నలుపు, నీలం. అంతకు మించి రంగుల మీద తల బద్దలు కొట్టుకోవడం వల్ల నాకు లాభం కనిపించలేదు. రెండో ప్రశ్న ముఖ్యమైనదే. కానీ దాన్ని అడిగే తీరులోనే ఒక చిక్కు ఉంది. "ఎలా లాగాలి" అని మొదలుపెట్టినవారి దృష్టంతా చేతి మీద, గాలపు దారం చుట్టే రీలు మీద ఉంటుంది. నీటిలో జిగ్ ఏం చేస్తున్నదన్నది వెనక్కిపోతుంది.

నా వాదన ఇది. బాస్ జిగ్‌ను ఎక్కువగా అందుకునేది అది కిందికి దిగుతున్నప్పుడు, లేదా దిగి నిలిచిన కొద్ది క్షణాల్లో. కాబట్టి లాగే తీరును చివర ఎంచుకోవాలి. జిగ్ ఎంత ఎత్తు నుంచి, ఎంత వేగంగా, దేని మీదికి దిగాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఈడ్చడం, గెంతించడం, ఎగరలాగడం అంటూ మనం పేర్లు పెట్టుకున్న పద్ధతులన్నీ ఆ దిగుడును రకరకాలుగా పుట్టించే మార్గాలు. అలా చూడటం అలవాటైతే ఏ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ఎందుకు విఫలమవుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

జిగ్ వాడనివారి కోసం దాని నిర్మాణం గురించి కొంచెం చెప్పాలి. కొక్కెం మెడ మీద అమర్చిన సీసపు లేదా టంగ్‌స్టన్ తల, ఆ తల వెనుక సిలికాన్ పోగుల కుచ్చు, కొక్కెం మొన కొమ్మలకు తగలకుండా ముందు నిలబెట్టిన గట్టి నారల కంచె, కొక్కేనికి గుచ్చిన, ట్రెయిలర్ అనే మెత్తటి ప్లాస్టిక్ తోకముక్క. ఇంతే. క్రాంక్‌బెయిట్ అనే ఎరకు మూతి దగ్గర పలక ఉంటుంది, లాగితే చాలు అదే ఊగుతుంది. స్పిన్నర్‌బెయిట్‌కు తిరిగే రేకులు ఉంటాయి. జిగ్‌కు అలాంటివేమీ లేవు. అందుకే "జిగ్‌కు ప్రాణం పోసేది పట్టేవాడి చెయ్యే" అని కొత్తవారికి చెబుతుంటారు. ఆ మాటలో సగమే నిజముంది. జిగ్‌ను కదిలించేవి రెండు: మన చెయ్యి, దాని సొంత బరువు. చెయ్యి పైకి లేపిన ప్రతిసారీ బరువు దాన్ని కిందికి తెస్తుంది. లేపినప్పుడు కుచ్చు ముడుచుకుని కొక్కేనికి అంటుకుపోతుంది. దిగేటప్పుడు పోగులు విచ్చుకుంటాయి, ట్రెయిలర్ కొండ్లు ఊగుతాయి. నేలను తాకాక కూడా ఆ పోగులు కాసేపు నెమ్మదిగా కదులుతూనే ఉంటాయి. జిగ్ ఒక జీవిలా కనిపించేది ఎప్పుడో దీన్నిబట్టే తెలుస్తుంది.

అది ఏ జీవిలా కనిపిస్తుందన్నది కూడా ఇక్కడ ముఖ్యమే. జిగ్ ఎక్కువగా అనుకరించేది క్రేఫిష్‌ను, అంటే గట్టి పెంకు, రెండు పెద్ద కొండ్లు ఉన్న మంచినీటి జీవిని. అది మామూలుగా రాళ్ల మధ్య నెమ్మదిగా పాకుతుంది. బెదిరితే తోకను గట్టిగా ముడిచి వెనక్కి దూసుకుపోతుంది. కొద్ది దూరం పోయి నేల మీద వాలి, కొండ్లు పైకెత్తి ఎదురు నిలబడుతుంది. ఈ మూడు దశల్లో బాస్‌కు అది తేలిగ్గా చిక్కేది పరుగు ఆగి వాలే దశలో. మన జిగ్ నేలకు దిగే ఘడియ కూడా అదే.

బాస్ నోటి తీరు తెలిస్తే వాదన ఇంకా స్పష్టమవుతుంది. లార్జ్‌మౌత్ బాస్ ఎరను సాధారణంగా పళ్లతో పట్టుకోదు. నోటిని, మొప్పల మూతలను ఒక్కసారిగా విప్పుతుంది. లోపల ఏర్పడిన ఖాళీలోకి నీరు దూసుకుపోతుంది, నీటితో పాటు ఎర కూడా. అంతా రెప్పపాటులో జరుగుతుంది. వదులుగా దిగుతున్న జిగ్ ఆ ప్రవాహంతో పాటు సులువుగా లోపలికి పోతుంది. బిగువు లైనుతో, అంటే బిగుసుకున్న గాలపు దారంతో, మనం ఇవతలికి లాగుతున్న జిగ్ ఆ పీల్పును ఎదిరిస్తుంది. చేప సగం మాత్రమే అందుకుని వదిలేస్తే మనకు "టక్" మని తగిలి ఊరుకుంటుంది. చేపకు ఆకలి లేదని అప్పుడు సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అడ్డుపడింది మన బిగువే.

ఇక దిగుడు లెక్కలోకి వద్దాం. రాడ్ (గాలపు కర్ర) కొన ఎత్తును కాసేపు పక్కన పెట్టండి. మీకు 6 మీటర్ల దూరంలో, 4 మీటర్ల లోతులో ఒక చెట్టు మొద్దు ఉంది. జిగ్ సరిగ్గా దాని అంచున నీటిని తాకింది. అప్పుడు లైనును బిగువుగా పట్టుకుంటే, దాని పొడవు మారదు కాబట్టి జిగ్ లోలకంలా మీ వైపు ఊగుతూ దిగుతుంది. నేలను తాకేసరికి అది మీకు నాలుగున్నర మీటర్ల దూరంలోనే ఉంటుంది. అంటే మొద్దుకు ఒకటిన్నర మీటరు ఇవతల పడింది. మొద్దు నీడలో ఉన్న చేప దాన్ని చూడకపోనూ వచ్చు, చూసినా అంత దూరం రాకపోనూ వచ్చు. అదే 20 మీటర్ల దూరంలో, అదే లోతులో అయితే ఈ తేడా 40 సెంటీమీటర్లే. దగ్గరగా వేసేటప్పుడే లైను వదులుగా ఇవ్వాలన్న నియమానికి అసలు కారణం ఇది. చాలామంది దీన్ని తిరగేసి పాటిస్తారు. దూరంగా వేసినప్పుడు లైను వదిలేస్తారు, దగ్గర వేసినప్పుడు చేతికి స్పర్శ తెలియాలని బిగబట్టుకుంటారు.

దగ్గరి దిగుడు మీదే నిలబడ్డ పద్ధతి ఫ్లిప్పింగ్. దీన్ని పోటీల్లోకి తెచ్చింది కాలిఫోర్నియాకు చెందిన డీ థామస్. అక్కడి తుంగ జమ్ముల మధ్య పొడవాటి కర్రతో ఎరను ముంచి తీసే పాత పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని పొట్టి రాడ్‌కు అనువుగా మార్చుకుని, 1975లో ఆర్కాన్సాస్ బుల్ షోల్స్ జలాశయంలో జరిగిన బాస్‌మాస్టర్ అనే చేపలవేట పోటీలో ఆయన గెలిచారు. ఆ తర్వాత ఈ పద్ధతి అమెరికా అంతా పాకింది. ఫ్లిప్పింగ్‌లో లాగుడు ఎంత ఉందో చూడండి. ఎడమ చేత్తో రీలు దగ్గర కొంత లైను పట్టుకుని, జిగ్‌ను ఊపి, నీటిని దాదాపు తాకుతూ పంపి, చప్పుడు లేకుండా దించుతారు. వదులు లైనుతో నేలదాకా పోనిస్తారు. ఒకటి రెండుసార్లు లేపి దించుతారు. ఏమీ తగలకపోతే తీసి, పక్కనున్న ఇంకో సందులో దించుతారు. తిరిగి తెచ్చుకోవడం అన్నది దాదాపు లేదు. బాస్ దాగే చోట్ల మీద జిగ్‌ను నేరుగా దించగలిగితే, రీలు తిప్పుతూ తీరం దాకా తేవలసిన అవసరమే లేదని ఈ పద్ధతి యాభై ఏళ్లుగా చూపిస్తూనే ఉంది.

ఫ్లిప్పింగ్ దట్టమైన చోట్లకే కదా, తెరిపి నీటిలో, రాళ్ల నేల మీద లాగక తప్పదు కదా అని అడగవచ్చు. నిజమే, అక్కడ లాగాలి. కానీ ఎంత లాగుతున్నామో మనకు తెలియదు. 7 అడుగుల రాడ్ అంటే రెండు మీటర్లకు పైనే. పిడి దగ్గర నుంచి దాన్ని 30 డిగ్రీలు లేపితే కొన ఒక మీటరుకు పైగా కదులుతుంది. 60 డిగ్రీలు లేపితే రెండు మీటర్లు. "కొంచెం గెంతించాను" అనుకున్న ప్రతిసారీ జిగ్ మీటరు దూరం జరిగిపోతుంది. నేల మీద మంచి రాళ్ల గుంపు ఒకటి మూడు మీటర్ల వెడల్పే ఉందనుకోండి. మూడే గెంతుల్లో దాన్ని దాటేస్తాం. మనకు మాత్రం నెమ్మదిగా వెదికినట్టే అనిపిస్తుంది.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. జిగ్ 20 మీటర్ల దూరంలో, 4 మీటర్ల లోతులో ఉన్నప్పుడు, రాడ్ కొన నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటే లైను నేలతో చేసే కోణం సుమారు 17 డిగ్రీలు. కాబట్టి మీరు రాడ్‌ను నిటారుగా లేపినా జిగ్ లేచేది తక్కువ, ముందుకు జరిగేది ఎక్కువ. అదే జిగ్ 5 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి కోణం 50 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు అదే చేతి కదలిక దాన్ని ముందుకన్నా పైకే ఎక్కువ లేపుతుంది. అంటే ఒకే విసురులో, ఒకే చేతి కదలికతో, దూరంలో మనం ఈడుస్తున్నాం, దగ్గరలో గెంతిస్తున్నాం. పడవ దగ్గరే చేపలు జిగ్‌ను కొడుతున్నాయంటే అవి అక్కడే ఉన్నాయని కాకుండా, ఆ రోజు వాటికి ఎత్తు నుంచి దిగే జిగ్ కావాలని కూడా అర్థం కావచ్చు. అలాంటప్పుడు విసురు దూరం తగ్గించి, పడవను జరుపుతూ వేస్తే ఫలితం తేలుతుంది. విసిరిన చివర్లో, జిగ్ దూరంగా ఉన్నప్పుడే కొడుతుంటే దాన్ని నేలను వదలకుండా ఉంచాలి. రాడ్‌ను పక్కకు తిప్పి, నీటికి సమాంతరంగా ఈడ్చాలి.

ఈడ్చడం గురించి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే. కొత్తవారు మాత్రం దీన్ని అన్నిటికన్నా తక్కువ చేస్తారు. చూడటానికి ఏమీ జరగనట్టుంటుంది కాబట్టి ఓపిక ఉన్నవారి పని అనుకుంటారు. ఈడ్చేటప్పుడు చేసే పని చాలా ఉంది, అంతా చేతి స్పర్శలో ఉంది. ఫుట్‌బాల్ ఆకారపు తల దీనికి సరిపోతుంది. అడ్డంగా వెడల్పున్న తల రాళ్ల సందుల్లోకి తేలిగ్గా జారదు. రాయిని తాకినప్పుడు ముందుకు వంగి, కొక్కెం వైపు భాగాన్ని పైకి లేపుతుంది. కొండ్లెత్తి నిలబడ్డ క్రేఫిష్ భంగిమ అలా పుడుతుంది. దీనికోసం చెయ్యి ఏమీ చెయ్యనక్కర్లేదు.

రాడ్‌ను పక్కకు, నీటికి దగ్గరగా పెట్టి, నడుము నుంచి నెమ్మదిగా తిప్పాలి. రీలు తిప్పేది లైనులో మిగిలిన వదులును చుట్టుకోవడానికే; జిగ్‌ను కదిలించే పని దానికి ఇవ్వకూడదు. వేగం గేర్లున్న రీలు ఒక చుట్టుకు 75 సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకు మించి లైను లాగేస్తుంది, ఆ లెక్క చేతికి తెలియదు. రాడ్‌తో లాగితే ప్రతి రాయీ మోచేతి దాకా తెలుస్తుంది. కళ్లు మూసుకుని గోడను తడుముతూ నడుస్తున్నట్టు ఉంటుంది. గులకరాళ్ల మీద సన్నగా గరగరమంటుంది. పెద్ద బండల మీద ఆగి, బరువెక్కి, ఒక్కసారి జారి దిగుతుంది. బురదలో మెత్తగా, గుర్తు లేకుండా వస్తుంది. గవ్వల గుట్ట మీద పెళుసుగా టకటకమంటుంది. బాస్ ఎక్కువగా నిలిచేది ఈ నేలలు మారే చోట. బురద పోయి గులకలు మొదలైన చోట, గులకల మధ్య ఒక్క బండ తగిలిన చోట. జిగ్ తగిలి ఆగిన ప్రతి వస్తువూ ఒక చిన్న దిగుడుకు అవకాశం. బండను ఎక్కించి అవతలి వైపుకు జారనివ్వండి, జారేటప్పుడు రాడ్ కొనను జిగ్ వైపు ఒక చెయ్యి మేర దించండి. బండ నీడలో ఉన్న చేపకు అది ఎదురుగా వచ్చి వాలుతుంది.

కొమ్మల్లో చిక్కినప్పుడు కూడా ఇదే మాట. జిగ్ ఒక కొమ్మ మీదికి ఎక్కి ఆగిందని తెలియగానే చాలామంది గట్టిగా కుదుపుతారు. కొక్కెం అక్కడే దిగబడుతుంది. లేదా జిగ్ ఎగిరిపడి మంచి చోటును దాటిపోతుంది. లైనును సగం వదులు చేసి, కొనను చిన్నగా ఆడించండి. జిగ్ కొమ్మ మీద ఉయ్యాల ఊగుతుంది. ఇవతలికి రాదు, కిందికి పోదు. ఆ తర్వాత ఒక్కసారి వదిలేస్తే కొమ్మ కిందికి తిన్నగా పడుతుంది. కొమ్మల గుబురులో నాకు పడ్డ మంచి చేపల్లో పెద్ద భాగం ఆ దిగుడులోనే పడ్డాయి. చిక్కుపడటం అన్నది జిగ్ పట్టేవారికి అవరోధం అనిపిస్తుంది కానీ, మనకు కావలసిన దిగుడును నీరు తానే సిద్ధం చేసి ఇచ్చిన చోటు అది.

ఈడ్చడానికి పూర్తి ఎదురుగా నిలిచేది ఎగరలాగడం. టెనెస్సీ నది మీద 1944లో పూర్తయిన కెంటకీ ఆనకట్ట వెనుక పరుచుకున్న కెంటకీ లేక్‌లో పాత నది పాయ అంచులు నీటి అడుగున మెట్లలా మిగిలి ఉన్నాయి. వేసవిలో బాస్ గుంపులు ఆ అంచుల మీద చేరతాయి. అక్కడ ముప్పావు ఔన్సు, అంటే 21 గ్రాముల జిగ్‌ను, ఒక్కోసారి అంతకన్నా బరువైనదాన్ని నేల దాకా దించి, రాడ్‌ను బలంగా పైకి విసిరినట్టు లాగి, మీటరున్నర ఎత్తుకు ఎగరేసి, మళ్లీ పడనిస్తారు. చూసేవారికి ఇది లాగుడు మీదే ఆధారపడ్డ పద్ధతి అనిపిస్తుంది. చేప కొట్టేది మాత్రం పడేటప్పుడే. ఎగరలాగింది గుంపును కదిలించడానికి, ఎత్తును సంపాదించడానికి. లాగాక రాడ్‌ను పైనే ఉంచి జిగ్‌ను బిగువు మీద దించేవారికి ఆ ఎత్తు వృథా అవుతుంది. కొనను జిగ్ వెంట దించుతూ, లైనులో చిన్న వంపు మిగిలేట్టు చూసుకోవాలి. వేసవి లోతుల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. లోతు నుంచి త్వరగా పైకి తెచ్చిన బాస్‌కు ఈత తిత్తి ఉబ్బుతుంది. వెంటనే వదిలినా తిరిగి లోతుకు పోలేక పైనే తేలిపోవచ్చు. చేపలను వదిలిపెట్టే ఉద్దేశం ఉన్నవారు అలాంటి చోట నాలుగైదు చేపలతో ఆపి వేరే చోటికి పోవడం మంచిది. గుంపు దొరికింది కదా అని చేపలను పోగేయడం నాకు నచ్చదు.

అసలు కదపకపోవడం

నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయాక బాస్ శరీర క్రియలు మందగిస్తాయి. తిండి తగ్గుతుంది, దూరం వెంటాడదు. అప్పుడు చేయవలసింది తేలికైన జిగ్‌తో దిగుడును సాగదీయడం. జింక తోక వెంట్రుకలతో కట్టిన చిన్న జిగ్‌లు చల్లని నీటిలో బాగా పనిచేస్తాయి. వెంట్రుకలు నీటిని పట్టి దిగుడును నెమ్మది చేస్తాయి, జిగ్ కదలకపోయినా అవి కదులుతాయి. చలికి ప్లాస్టిక్ ట్రెయిలర్లు బిరుసెక్కుతాయి. వెనకటివారు వాడిన పంది తోలు ముక్కలు చల్లని నీటిలోనూ మెత్తగా ఉండేవి కాబట్టే అంతకాలం నిలిచాయి. జిగ్ నేలకు దిగాక మీకు ఓపిక పోయేదాకా ఉంచి, ఆ తర్వాత ఇంకా కాసేపు ఉంచండి. చలికాలంలో బాస్ జిగ్ పక్కకు వచ్చి, చూస్తూ నిలబడి, చాలాసేపటికి గాని నోట్లోకి తీసుకోదు.

వసంతంలో నీరు 15 డిగ్రీలు దాటాక మగ బాస్‌లు లోతు తక్కువ చోట గూళ్లు చేసుకుంటాయి. అక్కడ కూడా కదలని జిగ్‌కే పని. గూటిలో పెట్టిన జిగ్‌ను బాస్ తిండిగా చూడదు, చొరబాటుగా చూసి నోటితో పట్టి బయట పడేస్తుంది. 2006 మార్చిలో కాలిఫోర్నియాలోని డిక్సన్ లేక్‌లో మాక్ వీక్లీ అనే ఆయన గూటి మీదున్న ఒక బాస్ కోసం తెల్ల జిగ్ వేశారు. తెలుపు ఎందుకంటే పైనుంచి చూస్తే నేల మీద జిగ్ ఎక్కడుందో కనిపిస్తుంది. ఆ చేప 25 పౌండ్ల 1 ఔన్సు తూగింది. జార్జి పెర్రీ 1932లో పట్టిన ప్రపంచ రికార్డు చేప 22 పౌండ్ల 4 ఔన్సులే. కానీ కొక్కెం నోట్లో కాక ఒంటికి గుచ్చుకుంది. ఆయన చేపను వదిలేసి, రికార్డు కోసం పట్టుబట్టలేదు. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. గూళ్ల మీది చేపలను పట్టే విషయంలో మాత్రం నేను ఎప్పుడో వెనక్కి తగ్గాను. కాపలా ఉన్న మగచేపను తీసేసిన కొద్దిసేపట్లోనే బ్లూగిల్ చేపలు వచ్చి గుడ్లను తినేస్తాయి. కెనడాలోని అంటారియోలో చాలా ప్రాంతాల్లో వసంతమంతా బాస్ పట్టడం నిషేధం. అలాంటి నియమం లేని చోట మనమే పెట్టుకోవచ్చు.

ఈదే జిగ్ అనే అభ్యంతరం

నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఎదురు ఈదే జిగ్. మిసిసిపీ నది ఎగువ భాగంలో, విస్కాన్సిన్, మిన్నెసోటా వైపు నీటి మొక్కల మధ్య ఇది పేరు తెచ్చుకుంది. లాక్రాస్‌కు చెందిన పోటీదారు టామ్ మాన్‌సూర్ పేరు దీనితో ముడిపడి ఉంది. మొన తేలిన తల, సన్నని కంచె, తరచు పావు ఔన్సు బరువు, వెనుక ఊగే తోక ఉన్న ట్రెయిలర్. రాడ్ కొన పైకెత్తి, మొక్కల తలల మీదుగా నిలకడగా రీలు తిప్పుతూ తెస్తారు. నేలను అది తాకనే తాకదు. ఇక్కడ అది క్రేఫిష్ కాదు, పరుగెత్తే చిన్న చేప. బాస్ దాన్ని వెంటాడి వెనుక నుంచి కొడుతుంది, బిగువు లైను మీదే కొడుతుంది, ఒక్కోసారి రాడ్ చేతిలోంచి జారేంత గట్టిగా కొడుతుంది.

కాబట్టి నా నియమం జిగ్ అన్న ప్రతిదానికీ వర్తించదని ఒప్పుకోవాలి. నేలను అంటిపెట్టుకున్న జిగ్‌కే అది వర్తిస్తుంది. నీరు వెచ్చగా ఉండి, చేపలు చిన్న చేపల గుంపుల వెంట తిరిగే రోజుల్లో, ముఖ్యంగా శరత్కాలంలో, దిగుడు కోసం కాచుకుని కూర్చోవడం మూర్ఖత్వం. ఈదించండి. అయినా అందులో కూడా గమనించవలసినది ఒకటుంది. బాస్ ఈదే జిగ్ వెనకే వస్తూ, నీటి మీద ఉబ్బు కనిపిస్తున్నా, కొట్టకుండా తిరిగిపోతుంటే చాలామంది వేగం పెంచుతారు. రీలు తిప్పడం ఒక్క క్షణం ఆపి చూడండి. జిగ్ ఒక జానెడు కిందికి జారుతుంది, కుచ్చు విచ్చుకుంటుంది. వెనకున్న చేపకు అంతవరకు తప్పించుకుపోతున్నది ఒక్కసారిగా చేతికందే దూరానికి వస్తుంది.

బరువు విషయం కొంచెం. చేపలు కొట్టడం ఆగిపోయినప్పుడు పెట్టెలోంచి మరో రంగు తీసేముందు మరో బరువు తీయండి. మూడెనిమిదో వంతు ఔన్సు నుంచి అర ఔన్సుకు, అంటే సుమారు 11 గ్రాముల నుంచి 14 గ్రాములకు మారితే చేప కళ్లకు జిగ్ పూర్తిగా వేరే వస్తువు. బరువు మారకుండానే దిగుడును మార్చవచ్చు: పెద్ద ట్రెయిలర్ పెడితే నెమ్మదిస్తుంది, కుచ్చును కత్తిరిస్తే వేగం పెరుగుతుంది, సన్నని లైను వేస్తే ఇంకొంచెం పెరుగుతుంది. ఫ్లోరోకార్బన్ లైను సాంద్రత నీటికి దాదాపు 1.8 రెట్లు, అది మునుగుతుంది. పాలిథిలిన్ పోగులతో అల్లిన లైను తేలుతుంది. ఒకే జిగ్ ఈ రెండింటి మీద ఒకేలా దిగదు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, టంగ్‌స్టన్‌ది 19.3. అదే బరువుకు టంగ్‌స్టన్ తల చిన్నది, గట్టిది, నేలను చేతికి బాగా చెబుతుంది. ధర ఎక్కువ. అయినా వీలైనంతవరకు అటు మారమనే నేనంటాను. తెగిపోయిన చిన్న సీసపు జిగ్‌లను మింగి లూన్ పక్షులు చనిపోతున్నాయని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఒక ఔన్సు, అంతకు తక్కువ బరువున్న సీసపు జిగ్‌ల అమ్మకాన్ని, మంచినీటిలో వాడకాన్ని నిషేధించింది. మనం రాళ్లలో, కొమ్మల్లో వేస్తాం, మన జిగ్‌లు తెగుతాయి. ఆ సీసం నీటిలోనే ఉండిపోతుంది.

ఇంత చెప్పాక అందరూ అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. లైను వదులుగా ఉంటే చేప కొట్టినట్టు తెలిసేదెలా? ఇది సరైన ప్రశ్నే, చాలామంది బిగువును వదలలేకపోవడానికి కారణం కూడా ఇదే. దీనికి జవాబు కంటిలో ఉంది. లైను నీటిలోకి దిగే చోటును చూస్తూ ఉండాలి. జిగ్ దిగేటప్పుడు మనసులో లెక్క పెట్టుకోండి. ఆ చోట నేలకు చేరడానికి ఆరు లెక్క పడుతుందని రెండు మూడు విసురుల్లో తెలిసిపోతుంది. నాలుగుకే లైను పరుగు ఆగిందంటే మధ్యలో ఏదో అందుకుంది. ఎనిమిదైనా ఆగలేదంటే చేప దాన్ని పట్టుకుని లోతుకు పోతోంది. లైను పక్కకు జరిగితే ఆలోచించనక్కర్లేదు. రీలు ముందు లైనును చూపుడువేలి మీదుగా పోనిస్తే, వదులులో కూడా చిన్న అదురు వేలికి తెలుస్తుంది. "టక్" మనేది ఒక రకం దెబ్బే. జిగ్ బరువు ఉన్నట్టుండి మాయమవడం, తడిగుడ్డ చుట్టుకున్నట్టు మెత్తగా బరువెక్కడం, నేల ఉండవలసిన చోట నేల లేకపోవడం, ఇవన్నీ చేపలే.

వదులుగా ఉన్న లైనుతో ఉన్నపళంగా రాడ్ లేపితే కొక్కెం నాటుకోదు. కొనను చేప వైపు దించుతూ వదులును చుట్టుకుని, అప్పుడు బలంగా లేపాలి. జిగ్ కొక్కెం లావుపాటి తీగ, ముందు నారల కంచె ఉంది. మణికట్టు బలం సరిపోదు, భుజం పెట్టాలి. ఆలస్యమైతే చేప ఉమ్మేస్తుందన్న భయంతో వదులును చుట్టకుండానే లేపేవారు పోగొట్టుకునే చేపలే ఎక్కువ.

లేపినా తగలకపోతే చాలామంది నిరాశతో గబగబా రీలు చుట్టేస్తారు. చుట్టకండి. చేప ఇంకా అక్కడే ఉంది, తన ఎదుటి నుంచి తప్పించుకున్నది ఏమైందో అని చూస్తూ ఉంది. రీలు పిడి మీంచి చెయ్యి తీసి, కొనను దించి, జిగ్‌ను లేచిన చోటికే మళ్లీ పడనివ్వండి. లెక్క మొదటి నుంచి పెట్టండి. రెండో దెబ్బ చాలాసార్లు మూడు దాటకముందే వస్తుంది.